కింద మల్గీ, మీద ఇల్లు: హెచ్ఎండీఏ కమిషనర్ గారికి బోడుప్పల్ నుంచి బహిరంగ లేఖ

హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ మెట్రోపాలిటన్ కమిషనర్ గారికి,

బోడుప్పల్‌లో ఏ గల్లీలోకి తిరిగినా ఒకలాంటి ఇల్లు కనిపిస్తుంది. నూటయాభై గజాల జాగా. రోడ్డు వైపు రెండు మల్గీలు: ఒకదాంట్లో కిరాణా, ఇంకోదాంట్లో జాకెట్లు కుట్టే మిషను, పైన పీకో-ఫాల్ బోర్డు. మల్గీల పక్కనుంచి ఒక్క మనిషి పట్టేంత మెట్లు. మొదటి అంతస్తులో ఇంటివాళ్లు, రెండో అంతస్తులో కిరాయికిచ్చిన రెండు పోర్షన్లు, డాబా మీది ఒంటిగదిలో ఉద్యోగం వెతుక్కుంటున్న ఇద్దరు కుర్రాళ్లు. తెల్లవారుజామున పాల ట్రేలు దిగేది ఈ మల్గీ ముందే. గల్లీలో ఎవరింట్లో ఎవరు ఊరెళ్లారో, ఎవరి గ్యాస్ సిలిండరు వచ్చి వెనక్కి పోయిందో తెలిసేది ఇక్కడే. రాత్రి ఆఖరి షట్టరు పడేదాకా వీధిలో వెలుగుంటుంది. ఆలస్యంగా ఇల్లు చేరే ఆడపిల్లను ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు. ఇంటి అప్పు వాయిదాలకు మల్గీ కిరాయి ఆసరా.

ఈ ఇంటికి మూడు కాగితాలుంటాయి. మూడూ మూడు మాటలు చెబుతాయి. పర్మిషన్ ప్లానులో మల్గీ ఉన్నచోట సాధారణంగా పార్కింగ్ అని గీసి ఉంటుంది. పన్ను రసీదులో అదే చోటు కమర్షియల్. కరెంటు బిల్లులో ఎల్టీ-2, అంటే దుకాణపు రేటు. డబ్బు వసూలు చేసే శాఖలన్నిటికీ మల్గీ కనిపిస్తుంది. ప్లాను గీసేవాళ్ల మ్యాపులో మాత్రం గల్లీ మొత్తానికీ ఒకటే రంగు, నివాస ప్రాంతపు రంగు.

ఇప్పుడీ సంగతి ఎందుకంటే, 2013 జనవరి 24న జీవో 33తో వచ్చిన 2031 ప్రణాళిక ఇంకా అమల్లో ఉండగానే 2050 దాకా చెల్లే కొత్త మాస్టర్ ప్లానుకు మీ సంస్థ పూనుకుంది. 2025 మార్చిలో సంస్థ పరిధి రీజినల్ రింగ్ రోడ్డు దాకా పెరిగి పదివేల చదరపు కిలోమీటర్లు దాటింది. అంత పెద్ద మ్యాపు మీద బోడుప్పల్ గల్లీ పెన్సిలు గీతంత కూడా ఉండదు. మ్యాపుకు ఆనని సంగతి ఉత్తరంలో రాసుకోవడమే దారి.

ముందు ఊరి సంగతి. 2007 ఏప్రిల్‌లో హైదరాబాద్ నగరపాలక సంస్థను గ్రేటర్ చేసినప్పుడు పన్నెండు మున్సిపాలిటీలు, ఎనిమిది పంచాయతీలు అందులో కలిశాయి. ఉప్పల్ కలిసింది, దాంతోపాటు నాచారం కలిసింది. పొరుగునే ఉన్న బోడుప్పల్ పంచాయతీగానే మిగిలిపోయింది. ఉప్పల్‌లో జాగా కొనలేనివాళ్లు వరంగల్ రోడ్డు వెంట ఇంకొంచెం ముందుకొచ్చి ఇక్కడ ఆగారు. 2011 జనగణన నాటికే ఊరి జనాభా యాభై వేల దాకా వచ్చింది; అప్పటికీ పాలన పంచాయతీదే. 2016లో మున్సిపాలిటీ, 2019లో కార్పొరేషన్, 2025 డిసెంబరులో మరో ఇరవై ఆరు మున్సిపాలిటీలు, కార్పొరేషన్లతో పాటు గ్రేటర్‌లో విలీనం. పదేళ్లలో ఆఫీసు గేటు మీద నాలుగో బోర్డు. పెయింటరుకు పని దొరికింది. గల్లీ వెడల్పు మాత్రం సర్పంచి నాటిదే.

ఆ గల్లీలు ఎలా పుట్టాయో మీకు తెలియనిది కాదు. పొలం కొన్న మనిషి సున్నంతో గీతలు గీయించి, రాళ్లు పాతించి, పంచాయతీ ముద్రతో ప్లాట్లమ్మాడు. పార్కుకు పదోవంతు వదలాలన్న నియమం చాలాచోట్ల కాగితం దాకా కూడా రాలేదు. తరువాత వచ్చింది లేఅవుట్ల క్రమబద్ధీకరణ, ఎల్ఆర్ఎస్: 2007 చివర్లో ఒకసారి, 2015లో ఇంకోసారి, 2020 ఆగస్టు 31న జీవో 131తో మరోసారి. మూడోదానికి రాష్ట్రం మొత్తమ్మీద పాతిక లక్షలకు పైగా దరఖాస్తులొచ్చాయి. 2025లో ఇరవై అయిదు శాతం రాయితీ ఇచ్చి మరీ కట్టించుకున్నారు.

ఎల్ఆర్ఎస్ లెక్కలో ఒక చిన్న గడి ఉంది, దాని దగ్గర కాసేపు ఆగాలి. లేఅవుట్లో పదిశాతం ఖాళీ స్థలం లేకపోతే ప్లాటు విలువలో పద్నాలుగు శాతం ఓపెన్ స్పేస్ చార్జీ కట్టాలి. రిజిస్ట్రేషన్ నాటి విలువ రెండు లక్షలైతే ఇరవై ఎనిమిది వేలు. అమ్మినవాడు మింగిన పార్కుకు కొన్నవాడు కడుతున్న సొమ్మిది. కట్టారు. రసీదు బీరువాలో భద్రంగా ఉంది. పార్కు ఏదీ? ఆ డబ్బుతో ఆ కాలనీకి నడిచి వెళ్లేంత దూరంలో ఎక్కడైనా జాగా కొని పిల్లలు ఆడుకునే చోటు చేసి ఉంటే, పద్నాలుగు శాతం ధర్మంగానే ఉండేది. సొమ్ము ఖజానాలో కలిసిపోయాక ఏ కాలనీ పార్కు ఏ పద్దులో ఉందో వెతకడం ఎవరి తరమూ కాదు. రుసుము తీసుకోవడం ఒక పని, ఆ రుసుము దేనికోసమో ఆ పని చేయడం ఇంకో పని. మొదటిది ఎప్పుడూ గడువులోపే జరుగుతుంది. ఈ అనుభవం వెంటబెట్టుకునే బోడుప్పల్ వాసులు ఇప్పుడు నాచారం వైపు చూస్తున్నారు.

నాచారం కథ చెప్పేముందు ఒక పాత ముచ్చట. ఇల్లూ దుకాణమూ ఒకే కప్పు కింద ఉండటం పద్ధతి తెలియని పల్లెటూరి అలవాటన్నట్టు కొందరు ఇంజనీర్లు మాట్లాడతారు. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ఊడ్చుకుపోయాక, 1912లో నిజాం సర్కారు నగర సంస్కరణ బోర్డును పెట్టింది. ఆ బోర్డు చేతుల మీద వచ్చిందే పత్తర్‌గట్టి. మదీనా నుంచి చార్మినార్ వైపు నడిచేటప్పుడు కనిపించే ఆ రాతి కమాన్ల వరసలో కింద దుకాణాలు, మీద మనుషులుండే గదులు. ముందు నీడపట్టున నడవడానికి దారి. హైదరాబాదులో ప్రణాళిక కోసం పుట్టిన మొదటి సర్కారీ సంస్థ కట్టించిన గొప్ప వీధి అది, కింద మల్గీ మీద ఇల్లు పద్ధతిలోనే. సింగపూర్‌లో 1822 నాటి పట్టణ ప్రణాళిక దుకాణాల ముందు అయిదడుగుల కప్పున్న నడవా తప్పనిసరి చేసింది. అక్కడి పాత వీధుల అందమంతా ఆ నడవాదే. బోడుప్పల్ ఇల్లు వీటికి బంధువే, చుట్టరికం కాస్త దూరమైంది.

ఇళ్లు ఒకచోట, దుకాణాలు ఒకచోట, పరిశ్రమలు వేరొకచోట అని రంగులు పంచే పద్ధతి మనది కాదు. అమెరికాలో 1926లో యూక్లిడ్ అనే చిన్న ఊరి కేసులో అక్కడి సుప్రీంకోర్టు సరేనన్నాక ఊపందుకున్న ఆచారమది. పొగ గొట్టం పక్కన పిల్లలు నిద్రపోకూడదన్నది అందులో న్యాయమైన మాట. కాని కిరాణా కొట్టును పొగ గొట్టంతో సమానంగా చూడటం కారున్న దేశానికి సాగింది. ఉప్పు ప్యాకెట్టుకు స్కూటర్ తీయాల్సిన బోడుప్పల్‌ను ఊహించండి. ఆ స్కూటర్లన్నీ మళ్లీ వరంగల్ రోడ్డు మీదికే వస్తాయి.

ఆ వరంగల్ రోడ్డు గురించి రెండు మాటలు. ఉప్పల్ నుంచి నారపల్లి వైపు ఆరు కిలోమీటర్ల చిల్లర ఎత్తయిన రహదారికి 2018 మే నెలలో శంకుస్థాపన జరిగింది. ఆ ఏడాది పుట్టిన పిల్లలు బడికి పోతూ ఆ స్తంభాల మధ్యనుంచే ఆటో ఎక్కారు. దుమ్ముకు గిరాకీ పోయి రోడ్డు పక్క హోటళ్లు, చెప్పుల దుకాణాలు షట్టర్లు దించుకున్నాయి. అది జాతీయ రహదారి, మీ చేతిలోని పని కాదు, నిజమే. కాని మీ మ్యాపులో ఆ రోడ్డును ఆసరా చేసుకునే ఈ వైపంతా నివాస ప్రాంతంగా తెరిచారు. రోడ్డు రావడానికి పట్టే కాలమూ ఇళ్లు రావడానికి పట్టే కాలమూ ఒకటి కావని ఏ మాస్టర్ ప్లానులోనూ ఎవరూ రాసిన పాపాన పోలేదు.

మెట్రో 2017 నవంబరులో వచ్చింది. హబ్సిగూడ మీదుగా తిన్నగా వరంగల్ రోడ్డు పట్టుకుని వచ్చినట్టే వచ్చి, ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర కుడికి తిరిగి నాగోల్‌లో ఆగిపోయింది. అక్కడినుంచి రాయదుర్గం దాకా ఒకే రైల్లో వెళ్లొచ్చు. ఉప్పల్ నుంచి బోడుప్పల్‌లోని ఇంటికి నాలుగైదు కిలోమీటర్లు వెళ్లడం మాత్రం షేర్ ఆటోవాడి దయ. 2024 ఆగస్టులో నాగోల్ స్టేషను దగ్గర ఉచిత పార్కింగ్ ఎత్తేస్తామనగానే ప్రయాణికులు గొడవకు దిగింది ఇందుకే. వాళ్లలో బండి మోజుతో తెచ్చుకున్నవాళ్లు తక్కువ, బస్సు దొరక్క తెచ్చుకున్నవాళ్లు ఎక్కువ.

మీ సంస్థ చేసిన మంచిని కూడా ఒప్పుకోవాలి. 2023 జూన్‌లో ఉప్పల్ కూడలి మీద తెరిచిన స్కైవాక్ మీరు కట్టిందే. వరంగల్, యాదగిరిగుట్ట బస్సులు, సిటీ బస్సులు, మెట్రో, నాలుగు వైపుల ట్రాఫిక్ కలిసే ఆ సుడిగుండంలో ప్రాణం అరచేతిలో పెట్టుకుని రోడ్డు దాటిన ముసలివాళ్లు ఇప్పుడు లిఫ్టు ఎక్కి దిగుతున్నారు. నడిచే మనిషి కోసం ఈ నగరంలో జరిగిన అతికొన్ని పెద్ద ఖర్చుల్లో అదొకటి. అలాంటిది ఒక్కటుండటమే చిక్కు. స్కైవాక్ దిగిన మనిషికి పది అడుగుల తరువాత ఫుట్‌పాత్ ఉండదు.

ఉప్పల్ భగాయత్‌ది ఇంకో పాఠం. మూసీ పక్కన కూరగాయలు, గడ్డి పండించే రైతుల దగ్గర భూమి తీసుకుని, ఎకరానికి వెయ్యి గజాల చొప్పున అభివృద్ధి చేసిన ప్లాటు వెనక్కిచ్చే పద్ధతిలో వేసిన లేఅవుట్ అది. ఎకరమంటే 4,840 గజాలు. మిగిలినదాంట్లో రోడ్లు, డ్రైనేజీ, ఖాళీ స్థలాలు, అమ్మకానికి ప్లాట్లు. రోడ్లు ముందు వేసి ప్లాట్లు తరువాత అమ్మారు, వెడల్పాటి రోడ్లు. బోడుప్పల్ వాళ్లు ఆదివారం పిల్లల్ని తీసుకుని అక్కడి శిల్పారామానికి పోయినప్పుడు ఆ రోడ్లు చూసి నిట్టూరుస్తారు. 2021 డిసెంబరు వేలంలో అక్కడ గజం లక్ష రూపాయలు దాటింది. లక్ష పెట్టి కొన్నవాడు అక్కడ జాకెట్లు కుట్టే మల్గీ కట్టడు, కిరాయి గిట్టదు. పద్ధతిగా గీసిన చోట చిన్నవాడికి చోటు లేదు, చిన్నవాడున్న చోట పద్ధతి లేదు. కొత్త ప్లాను ఈ రెండింటినీ ఎక్కడ కలుపుతుందన్నదే ఈ ఉత్తరంలో అసలు ప్రశ్న.

కలిపే చోటు ఉంది. అది నాచారం, ఉప్పల్ పారిశ్రామిక వాడలు.

నగరం తార్నాక దగ్గరే ఆగిపోయిన రోజుల్లో వచ్చిన వాడలవి. ఈ తూర్పు వైపు మొదటినుంచీ పనివాళ్ల దిక్కే. ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ, సర్వే ఆఫ్ ఇండియా, ఈసీఐఎల్ లాంటి సంస్థలు, వాటి చుట్టూ మందులు, ప్యాకింగు, విడిభాగాలు, ఆహార పదార్థాలు చేసే చిన్నాపెద్దా షెడ్లు, పక్కన హెచ్ఎంటీ నగర్ లాంటి కార్మికుల కాలనీలు, ఈఎస్ఐ ఆసుపత్రి. అంతటి ఎన్టీ రామారావు నాచారంలోనే స్టూడియో కట్టుకున్నారు. మీ భాషలో మిశ్రమ వినియోగమనేది పేరు పెట్టకుండానే సాగిన నేల ఇది. షిఫ్టు సైరన్ వినిపించే దూరంలో ఇల్లుండటం అప్పట్లో ఎవరికీ వింత కాదు.

2020 డిసెంబరులో అప్పటి ప్రభుత్వం గ్రిడ్ పాలసీ తెచ్చింది. పడమర వైపు మాదాపూర్, గచ్చిబౌలికే పరిమితమైన ఐటీని ఇతర దిక్కులకు పంచుతామంటూ, ఉప్పల్, నాచారం వాడల్లోని పాత పరిశ్రమల జాగాలు కొన్నిటిని ఐటీ పార్కులుగా మార్చుకోవడానికి అనుమతి పత్రాలు ఉప్పల్‌లోనే పంచింది. 2025 నవంబరులో ఇప్పటి ప్రభుత్వం హిల్ట్ పాలసీ తెచ్చింది. అవుటర్ రింగ్ రోడ్డు లోపల, దాని చుట్టుపక్కల ఉన్న 22 పారిశ్రామిక వాడలు, సుమారు 9,292 ఎకరాలు. ఆ జాబితాలో ఉప్పల్, నాచారం, మల్లాపూర్, మౌలాలి, చర్లపల్లి ఉన్నాయి. అంటే తూర్పు హైదరాబాదులో షెడ్డు అనేది ఉన్న ప్రతిచోటూ. పరిశ్రమ స్థలాన్ని మల్టీ యూజ్ జోన్‌గా మార్చుకుని అపార్ట్‌మెంట్లు, ఆఫీసులు, ఆసుపత్రులు, బడులు, దుకాణాలు కట్టుకోవచ్చు. ఎనభై అడుగుల లోపు రోడ్డుంటే రిజిస్ట్రేషన్ విలువలో ముప్పై శాతం, అంతకు పైన ఉంటే యాభై శాతం డెవలప్‌మెంట్ ఇంపాక్ట్ ఫీజు. పరిశ్రమలు వెదజల్లే కాలుష్యం జనావాసాల మధ్య ఉండకూడదన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. కోట్ల విలువైన భూమిని కారుచౌకగా ఇచ్చేస్తున్నారన్నది ప్రతిపక్షం ఆరోపణ. గొడవ హైకోర్టు దాకా వెళ్లింది. ఆ లెక్క అక్కడే తేలాలి.

బోడుప్పల్‌కు కావలసిన లెక్క వేరే. ఫీజు ముప్పై శాతమా, యాభై శాతమా అన్నదాని మీద టీవీల్లో గంటల తరబడి వాదించుకున్నారు. ఆ డబ్బు ఎక్కడ ఖర్చు పెడతారని అడిగినవాళ్లు తక్కువ. ఎల్ఆర్ఎస్ పద్నాలుగు శాతం ఎక్కడికి పోయిందో చూసినవాళ్లు ఈ ముప్పై, యాభై శాతాల గురించి అడగకుండా ఎలా ఉంటారు? నాచారంలో ఒక షెడ్డు స్థానంలో ముప్పై అంతస్తుల టవర్లు లేస్తే వాటి కార్లు తిరిగేది నాచారం రోడ్డు మీద, వాటి మురుగు దిగేది నాచారం నాలాలోకి, వాటి పిల్లలు చేరాల్సింది ఈ చుట్టుపక్కల బడుల్లో. 2006లో జీవో 86తో ఉమ్మడి రాష్ట్రం, జాగాను బట్టి ఎంత కట్టొచ్చన్న ఎఫ్ఎస్ఐ పరిమితి ఎత్తేసిందని మీకు గుర్తుచేయనక్కర్లేదు. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ సరిపోతే ఎంత ఎత్తయినా లేపొచ్చు. అందువల్ల ఇక్కడ ఒక్కో ప్లాటు మారడమంటే ఒక్కో ఊరు దిగడం.

నీళ్ల సంగతి ఇంకా ముందు చూడాలి. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ దగ్గర ఒక్కరోజులో 32 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. ఆ రాత్రి హబ్సిగూడ, రామంతాపూర్ వీధుల్లో జనం డాబాల మీదికెక్కి కూర్చున్నారు. నాచారం పెద్ద చెరువు నిండితే వరద హబ్సిగూడ మీదుగా రామంతాపూర్ వైపు దిగుతుంది, వాలు అలాంటిది. షెడ్డు చుట్టూ ఉన్న మట్టి నేల ఇవాళ ఎంతో కొంత తాగుతోంది. అక్కడ రెండు మూడు సెల్లార్లు తవ్వి పైన కాంక్రీటు పరిస్తే ఆ నీళ్లు తాగేదెవరు? నాచారంలో ఇచ్చే అనుమతికి హబ్సిగూడలో సాక్ష్యం దొరుకుతుంది, వానాకాలం దాకా ఆగితే చాలు.

ఇంకొక అనుమానం కూడా చెప్పుకోవాలి. మల్టీ యూజ్ అనే మాట ప్రకటనల్లో ఎంత బాగున్నా, కట్టాక అది కింద మాల్, పైన ఫ్లాట్లు, గేటు దగ్గర సెక్యూరిటీగా తేలుతోంది. ఇప్పుడు ఆ వాడల్లో ప్యాకింగు యూనిట్లలో, ప్రింటింగు ప్రెస్సుల్లో, లేత్ మిషన్ల దగ్గర పనిచేసేవాళ్లు పీర్జాదిగూడ, బోడుప్పల్, మల్లాపూర్ గల్లీల్లో కిరాయికుంటారు. టిఫిన్ డబ్బాతో షేర్ ఆటోలో పోయి చీకటి పడేలోగా ఇంటికొచ్చే ఆడవాళ్లు వాళ్లలో ఎందరో. పరిశ్రమ అవుటర్ అవతలికి పోతే వాళ్ల ఉద్యోగం కూడా ముప్పై కిలోమీటర్లు పోతుంది. మాల్‌లో హౌస్‌కీపింగ్ పని మిగులుతుంది. పొగ, విషపు నీళ్లు వదిలే ఫ్యాక్టరీ పోవాల్సిందే, ఎవరూ కాదనరు. కాని చప్పుడు లేని అసెంబ్లింగ్ యూనిటు, బట్టలు కుట్టే షెడ్డు, మందులకు డబ్బాలు చేసే చోటు ఎందుకు పోవాలి? ఇళ్ల మధ్యనుంచి పనిని తరిమేసి దాన్ని మిశ్రమ వినియోగమని పిలవడం భాషకు కూడా అన్యాయమే.

ఇదంతా చదివి, బోడుప్పల్ గల్లీలో జరిగేదంతా అమృతమని వాదిస్తున్నారా అని మీరడగవచ్చు. లేదు. ఇళ్ల మధ్య ఫంక్షన్ హాలు పెట్టి అర్ధరాత్రి దాకా డీజే మోగించేవాడున్నాడు. బడి పక్కన వైన్స్, దానికి పర్మిట్ రూము ఉన్న గల్లీలున్నాయి. ముప్పై అడుగుల రోడ్డు మీద గోడౌన్ తెరిచి లారీలు అడ్డంగా నిలబెట్టేవాళ్లున్నారు. వెల్డింగ్ షాపు వెలుగుకు కిటికీలు మూసుకునే ఇళ్లున్నాయి. ఇవాళ్టి పద్ధతిలో వీళ్లూ, జాకెట్లు కుట్టే ఆమే ఒకే గాటన కట్టబడుతున్నారు: ప్లాను ప్రకారం ఇద్దరికీ కాగితం లేదు. కాగితం లేనప్పుడు పలుకుబడి ఉన్నవాడు బతుకుతాడు, లేనివాడు తనిఖీకి వచ్చినవాళ్లకు చాయ్ తాగిస్తూ బతుకుతాడు.

జపాన్‌లో దీనికో తీరు కనిపెట్టారు. అక్కడ అన్నిటికన్నా ప్రశాంతమైన, ఎత్తు తక్కువ ఇళ్లుండే జోనులో కూడా సొంతింట్లో చిన్న దుకాణమో ఆఫీసో పెట్టుకోవచ్చు. ముఖ్యమైన షరతులు రెండు: దుకాణం యాభై చదరపు మీటర్లు దాటకూడదు, ఇంటి మొత్తం విస్తీర్ణంలో సగానికి మించకూడదు. యాభై చదరపు మీటర్లంటే మన లెక్కలో అరవై గజాలు. బోడుప్పల్ మల్గీలు చాలావరకు అందులో సగం కూడా ఉండవు. పేరు చూసి కాదు, కొలత చూసి, చప్పుడు చూసి, బరువు చూసి నిర్ణయించే పద్ధతి ఇది. మనకు టీఎస్-బీపాస్ చట్టం వచ్చిన 2020 నుంచీ చిన్న ఇళ్లకు యజమాని మాట నమ్మి అనుమతి ఇస్తున్నారు కదా, అదే నమ్మకం ఇరవై గజాల మల్గీకి ఎందుకు చూపకూడదు?

చూపకపోతే ఏమవుతుందో ఢిల్లీ చూసింది. దశాబ్దాల తరబడి ఇళ్లలో దుకాణాలు పెరుగుతుంటే చూసీచూడనట్టున్నారు. 2006 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో సీళ్లు వేయడం మొదలైంది. ఆ సెప్టెంబరులో హడావిడిగా మిశ్రమ వినియోగ నిబంధనలు ప్రకటించారు, మరుసటి ఏడాది మాస్టర్ ప్లానులో చేర్చారు. అంతకుముందే చేయగలిగిన పనిని, దుకాణాలకు లక్క ముద్రలు పడ్డాక చేశారు. మన దగ్గర కోర్టు మెట్లెక్కే ఓపికున్న మనిషి ఎవరో ఒకరు బయల్దేరేలోపే తేల్చుకోవడం మేలు.

కాబట్టి అడుగుతున్నవి ఇవీ. 2050 ప్లానులో నివాస ప్రాంతం అని రాసే ప్రతిచోటా, సొంతింట్లో కొలత లోపు చిన్న దుకాణం, చిన్న పని షెడ్డు హక్కుగా ఉండాలి. ఫంక్షన్ హాలు, గోడౌన్, బార్ లాంటివాటికి వెడల్పాటి రోడ్లు గుర్తించి అక్కడికే పరిమితం చేయాలి. రెండోది ఉప్పల్, నాచారం వాడల గురించి. ప్లాటుకో దరఖాస్తు, దరఖాస్తుకో అనుమతి అనే పద్ధతిలో ఆ వాడలు మారితే ఇరవై ఏళ్ల తరువాత అవి పెద్ద సైజు బోడుప్పల్ అవుతాయి, అంతే. హిల్ట్ జీవో పరిశ్రమల శాఖదని తెలుసు. అయినా జోనింగు, రోడ్లు, నాలాల గీతలు ప్రణాళిక శాఖల చేతుల మీదుగానే పోవాలి. అందుకే ముందు ఉప్పల్, నాచారం, హబ్సిగూడ, పీర్జాదిగూడ, బోడుప్పల్ కలిపి ఒక్క స్థానిక ప్రణాళిక గీయండి. ఏ ప్లాటులోంచి అడ్డదారి రోడ్డు పోవాలో, ఎక్కడ బస్ బే కావాలో, ఎక్కడ సర్కారు బడికి, ఎక్కడ నీళ్లు నిలిచే చెరువు జాగాకు చోటుండాలో అందులో ఉండాలి. ఫీజుతో పాటు ఆ మేరకు భూమి కూడా తీసుకోండి. ఫ్యాక్టరీ గోడలు ఇన్నాళ్లూ ఊళ్లకు ఊళ్లను రెండుగా చీల్చాయి. టవర్ల ప్రహరీలు మళ్లీ అదే పని చేయకూడదు.

ఫీజు సొమ్ము వసూలైన వాడ చుట్టూ అయిదారు కిలోమీటర్లలోనే ఖర్చు కావాలి, దాని పద్దు ఏటా అందరికీ కనపడాలి. కొత్తగా కట్టేదాంట్లో కొంత జాగా, పదోవంతయినా, తక్కువ కిరాయి షెడ్లకు, మల్గీలకు ఉంచాలి. లక్ష రూపాయల గజం మీద జాకెట్ల మిషను నిలబడాలంటే దానికి నియమం తోడుండాలి. ఉప్పల్ స్టేషను నుంచి బోడుప్పల్, చెంగిచెర్ల మీదుగా చర్లపల్లి రైల్వే టెర్మినల్ దాకా చిన్న బస్సులు కావాలి. ఆ టెర్మినల్ 2025 జనవరి 6న తెరిచారు. దూరప్రాంతాల రైళ్లు అక్కడినుంచి బయల్దేరుతున్నాయి. దానికి చేరే రోడ్లు మాత్రం ఇంకా ఊళ్ల మధ్య రోడ్లే. చెంగిచెర్లలో ఆర్టీసీ డిపో ఉంది, ఉప్పల్‌లో ఇంకోటుంది. బస్సుకు పార్కింగ్ కోసం వెతుక్కోనక్కర్లేదు.

వీటిలో ఏదీ కొత్త కనిపెట్టు కాదు, భారీ ఖర్చు కూడా కాదు. స్కైవాక్ కట్టిన ఇంజనీర్లకు, భగాయత్ రోడ్లు గీసిన ప్లానర్లకు ఇది చేతకాని పని అసలే కాదు. కాకపోతే ఎత్తునుంచి కాకుండా గల్లీలోంచి మొదలుపెట్టాలి. మీ ప్లానింగు అధికారుల్ని ఒక్క రోజు, ఆదివారం వద్దు, మామూలు పనిదినాన, ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా ఒకే గల్లీలో కూర్చోబెట్టండి. చాయ్ ఖర్చు గల్లీది.

ఆఖరి విన్నపం ముసాయిదా గురించి. ముసాయిదా ప్రకటించి అభ్యంతరాలు అడగాలన్నది చట్టం చెప్పిన పద్ధతే. ఆ మ్యాపు వెబ్‌సైటులో పెద్ద ఫైలుగా, ఇంగ్లీషులో, సెల్‌ఫోన్‌లో తెరుచుకోని రూపంలో పెడితే బోడుప్పల్ నుంచి అభ్యంతరాలు రావు. రియల్ ఎస్టేట్ ఏజెంట్ల నుంచి మాత్రం వస్తాయి. సర్వే నంబర్లతో, కాలనీ పేర్లతో, తెలుగులో, ఉర్దూలో ఆ మ్యాపు ముద్రించి బోడుప్పల్ పాత కార్పొరేషన్ ఆఫీసు గోడకు, ఉప్పల్ మెట్రో స్టేషను కింద, నాచారం ఈఎస్ఐ ఆసుపత్రి దగ్గర తొంభై రోజులు వేలాడదీయండి. పక్కన రాత తెలిసిన మనిషిని ఒకరిని, ఒక రిజిస్టరును పెట్టండి. జాకెట్లు కుట్టే ఆమె మధ్యాహ్నం గిరాకీ లేని వేళ వచ్చి, తన గల్లీ ఎక్కడుందో వేలుపెట్టి చూసుకుని, తన మాట రాయించి వెళ్తుంది.

ఇట్లు,
బోడుప్పల్ వాసి ఒకరు